పొగబిలంలో మూడవ చావడి

దోర్నాలలో ఒక పాత ఇంటి పెరట్లో బట్టలుతికే బండ పగిలింది. దాన్ని మార్చడానికి వచ్చిన మేస్త్రీ గునపం పెట్టి బండను తిరగవేసేసరికి, అడుగున మట్టి పట్టిన అక్షరాలు బయటపడ్డాయి. కబురు అందగానే మార్కాపురం నుంచి సుభాషిణి బస్సెక్కి వచ్చింది. ఆమె తెలుగు పాఠాలు చెప్పే మనిషి. పదిహేనేళ్ళుగా ఇతరులు అచ్చువేసిన శాసనాలే చదువుతోంది తప్ప, తనంతట తాను ఒక్కటీ కనిపెట్టలేదు. తడిగుడ్డతో బండ తుడిచి, అక్షరాల్లో సుద్దపొడి నింపి, వేలితో ఒక్కొక్కటే తడుముతూ చదివింది. ఎప్పుడో దండు వస్తున్నదని విని గుడివాళ్ళు స్వామివారి ముఖానికి తొడిగే వెండి కవచాన్ని అడవికి పంపించేశారట. ‘పొగబిలములోని మూడవ చావడియందు దాచితిమి’ అన్న మాట దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

ఆ సాయంత్రమే పరుగున బాబాయి ఇంటికి వెళ్ళింది.

“రేపు తెల్లారేసరికి బయల్దేరుదాం బాబాయ్!”

కోటిలింగం అటవీశాఖలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. ఆయన తాపీగా కళ్ళజోడు తుడుచుకున్నాడు.

“రేపు కాదు, పై గురువారం. అడవి ఎక్కడికీ పోదమ్మాయ్. మనమే సరిగ్గా పోయి, సరిగ్గా తిరిగి రావాలి.”

అనుమతి కాగితం రావడానికే నాలుగు రోజులు పట్టింది. ఈలోగా ఆయన ఆమెను కూర్చోనివ్వలేదు. మిద్దె మీద గుడారం వేయించాడు, పీకించాడు, మళ్ళీ వేయించాడు. చివరికి ఆమెను లోపల కూర్చోబెట్టి పైనుంచి నాలుగు బిందెల నీళ్ళు గుమ్మరించాడు. మెడ మీద చల్లగా ఓ చుక్క పడి ఆమె కెవ్వుమంది. “ఆ కుట్టు దగ్గర మైనం పుయ్యాలి” అన్నాడాయన తృప్తిగా. కొత్త బూట్లు కొండలో కాళ్ళు కరుస్తాయని, వారమంతా వాటితోనే క్లాసుకు వెళ్ళమన్నాడు. పిల్లలు నవ్వారు. పలకల గనిలో కూలీలు పెట్టుకునే గట్టి టోపీలు తెచ్చాడు. పేలపిండి, బెల్లం, సజ్జరొట్టెలు, తాళ్ళు, ఈలలు, మందుల డబ్బా, మనిషికి రెండేసి టార్చిలైట్లు సర్దాడు.

“రెండెందుకు? బరువు కాదూ?”

“మొదటిది ముందుకు పోవడానికి. రెండోది వెనక్కి రావడానికి. రెండోది వెలిగించామంటే ఇక ఒక్క అడుగు కూడా ముందుకు వెయ్యం.”

చివరగా అడవి ఆఫీసులో ఒక చీటీ ఇచ్చి వచ్చాడు. ఆదివారం సాయంత్రానికి తాము తిరిగి రాకపోతే వెతకడానికి మనుషుల్ని పంపమని అందులో రాశాడు.

గురువారం దారి చూపడానికి చెంచుగూడెం నుంచి అంకన్న వచ్చాడు. తేనె తీసే మనిషి. నల్లగా, సన్నగా, యాభై దాటినా లేడిలా నడుస్తాడు. పొగబిలం అతనికి తెలుసు. సందెవేళ గబ్బిలాలు గుంపుగా పైకి లేస్తే దూరానికి పొగలా కనిపిస్తుందట, అందుకే ఆ పేరు.

ఆకులు రాలిన టేకుల మధ్య, వెదురు పొదల కిందుగా మధ్యాహ్నం దాకా నడిచారు. బిలానికి దిగువన వాగు ఎండి, తెల్లటి ఇసక పరుపులా పరుచుకుని ఉంది. సుభాషిణి మూట దింపేసింది.

“ఇక్కడే గుడారం వేద్దాం. ఎంత మెత్తగా ఉందో!”

“ఆడ ఒద్దమ్మా” అన్నాడు అంకన్న. “ఇది వాగు పండుకునే తావు. అది ఎప్పుడు లేస్తాదో మనకు చెప్పదు.”

అతను గట్టు మీదికి ఎక్కి, తలెత్తి కొమ్మలన్నీ పరికించాడు. ఎండుకొమ్మ లేనిచోటు, తేనెపట్టు లేనిచోటు చూసి చాపంత నేల చదును చేశాడు. గులకరాళ్ళు ఏరుతూ సుభాషిణి లోలోపల గొణుక్కుంది.

శుక్రవారం ఉదయం అంకన్న బిలం నోటి దగ్గర ఈలతో కూర్చున్నాడు. తాడు ఒక కొన చెట్టుకు కట్టి, రెండో కొన పట్టుకుని బాబాయీ సుభాషిణీ లోపలికి దిగారు. ముక్కులకు గుడ్డలు కట్టుకున్నారు. గదిలా విశాలమైన మొదటి చావడిలో గబ్బిలాలు నల్లటి కాయల్లా వేలాడుతున్నాయి. రెండో చావడిలో కప్పు నుంచి సున్నపు ఊడలు దిగి ఉన్నాయి. ఆ చివర మోకాలెత్తు సందు, దానికి అడ్డంగా చెక్కిన పలక! సుభాషిణి భుజం ఆనించి నెట్టింది. పలక అంగుళం కదిలింది.

అప్పుడే వినిపించింది ఈల. పొడుగ్గా, మూడుసార్లు.

“సుభా, వెనక్కి!”

“ఐదు నిమిషాలు బాబాయ్! కదులుతోంది, చూడు!”

ఆయన అరవలేదు. తాడు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. “పట్టుకో తల్లీ” అన్నాడు. ఆ గొంతులో ఉన్నది కోపం కాదు, భయం. ఆయన భయపడడం ఆమె ఎన్నడూ చూడలేదు. పలక వదిలేసింది.

మొదటి చావడికి వచ్చేసరికి నేల పగుళ్ళలోంచి ఎర్రనీళ్ళు ఉబికివచ్చి పాదాలను తాకాయి. పది అడుగులు వేసేలోగా మోకాళ్ళకు వచ్చాయి. టార్చి జారి నీళ్ళలో పడి ఆరిపోయింది. ఆమె తడుముకుంటూ రెండోది తీసి వెలిగించింది. “తాడు వదలొద్దు! గోడవారగా రా!” అని బాబాయి కేక. పైనుంచి అంకన్న రెండు చేతులా తాడు లాగుతున్నాడు. నోట్లో మట్టినీళ్ళతో ఆమె రాతి మీదికి పాకి వెల్లకిలా పడింది. ఎక్కడో పైకొండల్లో ఆకాశం నల్లగా ఉరుముతోంది. దిగువన తెల్లటి ఇసక లేదు. దాని మీదుగా చెట్ల మొద్దులు దొర్లించుకుంటూ వాగు పోతోంది.

ఆ పగలంతా వాన పడింది. గుడారంలో మాత్రం ఒక్క చుక్క కారలేదు. పొడి కంబళ్ళు కప్పుకుని, అల్లం టీ తాగుతూ, సజ్జరొట్టెలు నములుతూ ముగ్గురూ వాన చప్పుడు విన్నారు.

“ఈ గులకరాళ్ళ చోటే నాకు చాలు అంకన్నా” అంది సుభాషిణి.

అంకన్న నవ్వి, ఆమె గ్లాసులో ఇంకొంచెం టీ పోశాడు.

శనివారం మధ్యాహ్నానికి నీళ్ళు తీశాయి. ఆకాశం తేటగా ఉంది. ఈసారి కోటిలింగం బయట ఉండి, అంకన్న లోపలికి వచ్చాడు. ఇద్దరూ నెట్టగా పలక పక్కకు ఒరిగింది. లోపల చిన్న చావడి, రాతి అరుగు. దాని మీద బొగ్గులా నల్లబడిన వెండి కవచం. విశాలమైన కళ్ళు, మెలితిరిగిన మీసం. వెలుగు పడగానే ఆ కళ్ళు తమనే చూస్తున్నట్టు అనిపించి ఇద్దరూ చేతులు జోడించారు.

అరుగు అంచున అక్షరాలున్నాయి. సుభాషిణి మోకాళ్ళ మీద కూర్చుని నెమ్మదిగా చదివింది. “‘దీనిని భుజమున మోసి తెచ్చి కాచినవాడు చెంచు బయ్యడు. వాని బిడ్డల తరముల వారే దీనికి కాపరులు.’”

అంకన్న అరుగు మీదికి వంగాడు.

“ఆ పేరు మళ్ళొకపారి సదువమ్మా.”

“చెంచు బయ్యడు.”

“రాతిమీద రాసుండారా? మా వోణ్ణి?”

“రాశారు. ఇదిగో, ఇక్కడ.” ఆమె అతని వేలు పట్టుకుని ఒక్కొక్క అక్షరం మీదుగా నడిపించింది.

కవచం ఎత్తితే ఎత్తవచ్చు. మూటలో పడుతుంది కూడా. ఆమె దాన్ని తాకనైనా తాకలేదు. ఫొటోలు తీసి, అరుగు మీది రాతకు కాగితంపై అచ్చు తీసుకుని, ఇద్దరూ కలిసి పలకను యథాస్థానానికి జరిపారు. బయట కోటిలింగం అంతా విని, “మంచి పని చేశారు” అని మాత్రం అన్నాడు.

ఆదివారం పొద్దు వాలకముందే ముగ్గురూ అడవి ఆఫీసులో ఉన్నారు. అధికారి ఫొటోలు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“పురావస్తుశాఖవాళ్ళు రావడానికి వారమైనా పడుతుంది. అంతదాకా అక్కడ కాపలా ఎవర్ని పెట్టాలి?”

సుభాషిణి నోరు తెరవబోయింది. అప్పటిదాకా గడప దగ్గరే నిలబడిన అంకన్న లోపలికి వచ్చి, బల్ల ముందు నిటారుగా నిలబడ్డాడు.

“పెట్టేదేంది సామీ? కాపలా మాదే.”