నలభై నిమిషాల అప్‌డేట్

"ఇది లారీ హారన్."

తలుపు తీయగానే జడ్సన్‌కు వినిపించిన మొదటి మాట అది. గుమ్మంలో ఓ అమ్మాయి. రైల్వే యూనిఫాం చొక్కా, వానకు తడిసిన జడ, చేతిలో అట్టపెట్టె. అరెస్టు చేయడానికి వచ్చిన వాళ్ళంత నింపాదిగా నిలబడింది.

"ఏమండీ?"

"మా నాన్న పేరు క్రీస్తురాజు. ముప్పైనాలుగేళ్ళు డీజిల్ ఇంజను నడిపినాడు. ఆయన డెబ్బయ్యో పుట్టినరోజుకని మీ వెబ్‌సైట్లో ఈ బొమ్మ ఇంజను కొన్నా. ఆగలేక ముందే ఇచ్చేసినా. ఆయన హారన్ కొట్టి చూసి ఒకే మాటన్నాడు, లారీ అని. నాలుగు రోజులుగా దాని మొహం చూడడంలేదు."

జడ్సన్ అట్టపెట్టె అందుకున్నాడు.

బిట్రగుంటలో సగం ఊరు రైల్వేలో పనిచేసింది. మిగతా సగం ఆ కబుర్లు వింటూ పెరిగింది. జడ్సన్ రెండో సగం. బొమ్మ ఇంజన్లకు గొంతు పెట్టడం అతని వృత్తి. జానెడు ఇంజనులో గోరంత డీకోడర్ ఉంటుంది. స్టార్టింగు, బ్రేకు, హారన్, అన్ని శబ్దాలూ అందులోనే. చెన్నై, పుణె నుంచి సరదా ఉన్న పెద్దమనుషులు ఇంజన్లను పార్సిల్లో పంపితే శబ్దాలు ఎక్కించి తిప్పి పంపుతాడు; కొన్నింటిని తనే తెప్పించి, గొంతు పెట్టి అమ్ముతాడు. 'నిజమైన ఇంజన్ల దగ్గర రికార్డు చేసినవి' అని వెబ్‌సైట్లో లావు అక్షరాలతో రాసుకున్నాడు. అది నిజమే, ఒక్క హారన్ తప్ప. రికార్డింగుకు వెళ్ళిన రోజు, ఊరికే హారన్ కొట్టడం కుదరదని డ్రైవర్ పొమ్మన్నాడు. జడ్సన్ కొడవలూరు దగ్గర హైవే పక్కన నిలబడి ఓ లారీ హారన్ పట్టుకొచ్చి, కాస్త లావు చేసి వాడాడు. మూడేళ్ళలో నలభైఒక్క మంది కస్టమర్లు. అందరూ అయిదు నక్షత్రాలిచ్చారు. హారన్‌ను ప్రత్యేకంగా మెచ్చుకున్నవాళ్ళు పదిమంది.

"లారీ అని ఎట్లా కనుక్కున్నాడు?" అన్నాడు. నేరం ఒప్పేసుకున్నానని ఆ తర్వాత తట్టింది.

ఆమె నవ్వలేదు. నవ్వు ఆపుకుంది. ఆ తేడా జడ్సన్ చెవి కనిపెట్టింది.

"నా పేరు అబిగయీలు. అసిస్టెంట్ లోకో పైలట్‌ని. పుట్టినరోజుకి ఇంకా మూడు వారాలుండాది. మా ఇంటికొచ్చి, నాన్న బాగుందనేదాకా సరిచెయ్యండి. లేదంటే ఈ లారీ సంగతి మీ వెబ్‌సైట్ కింద నేనే రాస్తా."

"మీరు నిజం ఇంజను నడుపుతారా?"

"మరి? టేబుల్ మీద నడపను."

*

క్రీస్తురాజు జడ్సన్‌ను వాకిట్లోనే ఆపాడు.

"ఎప్పుడన్నా ఇంజనెక్కినావా అబ్బయా?"

"లేదంకుల్."

"మరి దాని గొంతు నీకెట్లా తెలుసు?"

"తెలీదంకుల్." ఆ నిజాయితీకి లోపలికి అనుమతి దొరికింది. క్రీస్తురాజు కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, నోటితో ఇంజను నడిపాడు. "వేగం పెంచే పిడి మూడో నాచ్ నుంచి నాలుగుకి మార్చినావనుకో, ఒక్క క్షణం ఊపిరి బిగబట్టుద్ది. ఆనక దగ్గుద్ది. నీది దగ్గదు. ఆరోగ్యంగా ఉండాది. అదే తప్పు."

జడ్సన్ దగ్గుతో సహా మొత్తం రికార్డు చేసుకున్నాడు.

అసలు హారన్‌కు దారి అబిగయీలే చెప్పింది. లెవెల్ క్రాసింగుకు ముందు పట్టాల పక్కన విజిల్ బోర్డు ఉంటుంది. అది కనబడితే ఎంత పెద్ద డ్రైవరైనా హారన్ కొట్టి తీరాలి. "బుధవారం సాయంత్రం ఆ గేటు దగ్గర ఉండండి. నాన్న నడిపిన రకం డీజిల్ గూడ్స్ వస్తుంది. ఎవరినీ బతిమాలక్కర్లేదు."

బుధవారం వాన పడింది. జడ్సన్ రెండు గంటలు గేటు అవతల నిలబడ్డాడు. గొడుగు మైకుకు పట్టాడు, తనకు కాదు. గూడ్స్ వచ్చింది, హారన్ మోగింది, అతని ఎముకలు కదిలాయి. ఇంజను క్యాబు కిటికీలో అబిగయీలు. డ్యూటీలో ఉన్నవాళ్ళు చూపు ముందుకే పెట్టాలి. ఆమె అలాగే పెట్టింది. కానీ నిబంధనల పుస్తకం పెదవుల గురించి ఏమీ చెప్పలేదు కాబట్టి, నవ్వింది.

ఆ రికార్డింగు అతను ఇంటికెళ్ళి పదకొండు సార్లు విన్నాడు. హారన్ కోసమే అని తనకు తాను చెప్పుకున్నాడు.

కొత్త హారన్ వినగానే క్రీస్తురాజు కళ్ళు తెరిచి, మొదటిసారి ఆ ఇంజను వైపు చూశాడు. "హారన్ ఐంది. మిగతాది కూడా సరిచెయ్యి. నా బండిలాగే పలికిన రోజు నీకు సెలవు."

సెలవు! ఆ మాట జడ్సన్‌కు నచ్చలేదు.

*

డీకోడర్‌కు కొత్త శబ్దాలు ఎక్కించాలంటే ఇంజనును చిన్న పట్టా ముక్క మీద నిలబెట్టి లాప్‌టాప్‌కు కలపాలి. మొత్తం ఫైలు ఎక్కడానికి నలభై నిమిషాలు. మధ్యలో ఇంజను కదిలితే మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని ఎవరో ఒకరు కాపలా ఉండాలి. అబిగయీలు టేబులుకు అటు కూర్చునేది, జడ్సన్ ఇటు. ఆమె తల్లి రెబెక్కమ్మ టీలు పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయేది.

"ఎంత?"

"ముప్పైఆరు శాతం."

"లూప్ లైన్లో పక్కకి ఆపేసిన గూడ్స్ నయం."

"మీకు తొందరగా ఉంటే వెళ్ళి పడుకోండి. డ్యూటీ దిగి వచ్చారుగా."

"ఇంజను ఎవరన్నా ఎత్తుకుపోతే?"

"నేనున్నా కదా."

"అదే నా భయం."

ఒక రోజు డెబ్బై శాతం దగ్గర ఆమె మామూలుగా చెప్పింది. "నాన్న పుట్టినరోజు శనివారం కదా. మర్నాడు గూడూరు నుంచి నన్ను చూసుకోడానికి వస్తుండారు. పేరు కిషోర్ బాబు. బ్యాంకులో పని."

జడ్సన్ స్క్రీను వైపే చూశాడు. డెబ్బైఒకటి. "మంచోడా?"

"ఫోటోలో మంచోడే. గొంతు వినలేదు."

ఆ వారం మెసేజీలు మొదలయ్యాయి. 'నాన్నకి బ్రేకు శబ్దం నచ్చలేదట. రండి.' జడ్సన్ వెళ్ళాడు. 'కంప్రెసర్ శబ్దం ఎక్కువైందట.' వెళ్ళాడు. 'హారన్ కొంచెం తగ్గించాలట.' సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళాడు. ప్రతిసారీ నలభై నిమిషాలు. క్రీస్తురాజు పక్క గదిలో కూర్చుని పేపరు చదివేవాడు. ఎంత వినయం, నేరుగా తప్పు పట్టకుండా కూతురి చేత చెప్పిస్తున్నాడు అనుకున్నాడు జడ్సన్.

శుక్రవారం లెక్క తేలింది. ఇంజను బాగా పలికితే ఆ ఇంటికి వెళ్ళడానికి కారణం ఉండదు. బాగా పలకకపోతే, పుట్టినరోజుకు వచ్చే రిటైరైన డ్రైవర్ల ముందు అతని పని నవ్వులపాలవుతుంది, ఆ పెద్దాయన పుట్టినరోజూ పాడవుతుంది. ఫైల్లో చిన్న లోపం వదలడం చాలా తేలిక. మధ్యాహ్నమంతా ఆలోచించి, ఏ లోపమూ వదలలేదు. తనను ఆ ఇంట్లోంచి పంపించేయడానికి, జీవితంలోకెల్లా మంచి పని చేశాడు.

*

శనివారం మధ్యాహ్నం. భోజనాల బల్ల మీద గుండ్రంగా పట్టాలు. చుట్టూ నలుగురు పాత డ్రైవర్లు.

ఇంజను కదిలింది. మూడో నాచ్. నాలుగు. ఊపిరి బిగబట్టింది. దగ్గింది.

పద్మనాభయ్య అనే ముసలి డ్రైవరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రాజూ, ఇది నీ బండేరా."

క్రీస్తురాజు ఇంజనును ఇంకో చుట్టు తిప్పించాడు. తర్వాత జడ్సన్ భుజం తట్టాడు. "ఐపోయింది అబ్బయా. ఇంక నీకు సెలవు."

జడ్సన్ లాప్‌టాప్ సంచీలో పెట్టుకుంటూ, ఆఖరి ఆశతో అడిగాడు. "బ్రేకు సరిపోయిందా అంకుల్? మీకు నచ్చలేదన్నారంట."

"నేనా? ఎప్పుడు?"

"కంప్రెసర్ కూడా ఎక్కువైందని..."

"హారన్ పెట్టిన రోజు తర్వాత నేను నోరే ఎత్తలేదే! దగ్గు ఒక్కటే తక్కువ, అదీ ఆ వారమే పెట్టేసినావు. మళ్ళా మళ్ళా ఎందుకొస్తుండావో నాకు తెలీదు."

నలుగురు డ్రైవర్లూ, క్రీస్తురాజూ కలిసి అబిగయీలు వైపు తిరిగారు. ఆమె ముఖం కందిపోయింది. కానీ తగ్గలేదు.

"నన్ను చూస్తారేంది? హారన్ సౌండు తగ్గించడానికి రెండు సెకన్లు చాలు. ఒక్క నంబరు మార్చితే సరి. ఫైలంతా మళ్ళా ఎక్కించక్కర్లేదు. డీకోడర్ పుస్తకం నేనూ చదివినా. ప్రతిసారీ నలభై నిమిషాలు ఎందుకు పట్టించినాడో ఆయన్ని అడగండి!"

అందరూ జడ్సన్ వైపు తిరిగారు.

"ఎందుకు పట్టించినావు?" క్రీస్తురాజు గొంతులో ఆఖరిదైన ఎనిమిదో నాచ్ వినబడింది.

జడ్సన్ సంచీ కింద పెట్టాడు. "ఇంకా ఎక్కువ పట్టే పద్ధతి నాకు తెలీదు అంకుల్."

ఎవరూ నవ్వలేదు. క్రీస్తురాజు కూతురిని చూశాడు. "మరి నువ్వు?"

"నాకూ తెలీదు నాన్నా. తెలిసుంటే చెప్పేదాన్ని."

పద్మనాభయ్య ముందు నవ్వాడు. తర్వాత మిగతావాళ్ళు. క్రీస్తురాజు మాత్రం నెత్తి గోక్కుంటూ లేచాడు. "రేపు గూడూరోళ్ళు వస్తే ఏం చెప్పేది? ఇప్పటికిప్పుడు రావద్దని ఫోన్ చెయ్యాల. ఏ మొహం పెట్టుకుని చెయ్యమంటారు?"

రెబెక్కమ్మ కేకు పళ్ళెంతో వంటింట్లోంచి వచ్చింది. మూడు వారాల్లో జడ్సన్ ఆమె గొంతు వినడం అదే మొదటిసారి.

"పోయిన బుధవారమే చేసినాలే. కేకు తినండి."