బ్యాగుల కాపలా

రిత్విక్‌కు నడుంనొప్పి లేదు. ఉన్నదల్లా భయం. ఎత్తంటే భయం, ఊగడమంటే భయం, తలకిందులు కావడమంటే మరీ భయం. హైటెక్ సిటీలో తనతో పనిచేసే టీముకు ఆ మాట చెప్పుకోలేక, "నడుంనొప్పి, డాక్టర్ రైడ్స్ వద్దన్నాడు" అని బొంకాడు. వాళ్లు జాలిపడి, తమ బ్యాగులన్నీ అతని మీద పడేసి రైడ్లు ఎక్కడానికి పోయారు.

ఫిల్మ్ నగర్ గుట్ట మీద పాత స్టూడియో ఒకటి కొత్తగా థీమ్ పార్కు అయింది. జానపద సినిమాలకు కట్టిన సెట్లకే మోటార్లు బిగించారు. అన్నిట్లోకీ పెద్దది గండభేరుండం. ఆ రెండు తలల పక్షి జనాన్ని రెక్కల మీద కూర్చోబెట్టుకుని పైకి లేస్తుంది, జూబ్లీ హిల్స్ అంతా తిప్పి చూపిస్తుంది, చెప్పాపెట్టకుండా దబ్బున కిందికి దిగుతుంది. దాని ముందు అరుగు మీద కూర్చుని రిత్విక్ బ్యాగులు కాస్తున్నాడు.

అప్పుడు కనబడిందా అమ్మాయి. వీల్‌చైర్‌లో దర్జాగా కూర్చుని ఐస్‌ఫ్రూట్ తింటోంది. పక్కన ఎండలో ఒక ముసలామె నిలబడి ఉంది. చూస్తుండగానే ఆ అమ్మాయి లేచి, నాలుగడుగులు నడిచి, పుల్ల చెత్తబుట్టలో పడేసి వచ్చి మళ్లీ కూర్చుంది!

రిత్విక్‌కు ఒళ్లు మండింది. అబద్ధం ఆడి వచ్చినవాడికి ఎదుటివాళ్లంతా అబద్ధాలకోరుల్లాగే కనబడతారు మరి. బ్యాగులతో సహా లేచి వెళ్లాడు.

"ఏమండీ, మామ్మగారి కుర్చీ మామ్మగారికి ఇవ్వచ్చుగా? క్యూ తప్పించుకోవడానికి ఇంత డ్రామా అవసరమా?"

ఆమె తలెత్తి చూసింది. పెద్ద కళ్లు, కోపంతో ఇంకాస్త పెద్దవయ్యాయి. దెబ్బలాటకు వచ్చిన రిత్విక్‌కు అవి చాలా బాగున్నాయనిపించింది.

"నాయనమ్మా, గీ కుర్చీ నీదట. కూసుంటవా?"

"నాకెందుకే స్ఫూర్తీ? నా కాళ్లు మంచిగనే ఉన్నయ్," అంది ఆ ముసలామె, బాలమణి.

"విన్నరా? కుర్చీ నాది. నాకు కీళ్లవాతం. నాలుగడుగులు నడుస్త, ఇంక నడువుమంటే మోకాళ్లు మొరాయిస్తయ్. క్యూల నిలబడుడు నాతోని కాదు. కుర్చీల కూసున్నోళ్లు అసలు లేవనే లేవరని మీకెవరు చెప్పిన్రు?"

ఈలోగా చుట్టూ జనం చేరారు. ఫిల్మ్ నగర్ జనం! వీల్‌చైర్‌లోంచి అమ్మాయి లేచిందంటే వాళ్లకు తెలిసిన అర్థం ఒక్కటే.

"కెమెరా ఎక్కడ పెట్టారు?"

"క్లైమాక్స్ అనుకుంటా."

ఒక పెద్దాయన చప్పట్లు కొట్టి, "మళ్లీ ఒకసారి లేవమ్మా, నేను సరిగా చూళ్లేదు," అన్నాడు.

రిత్విక్‌కు తల కొట్టేసినట్టయింది. ఆ తప్పు దిద్దుకోబోయి ఇంకోటి చేశాడు. అడగకుండానే కుర్చీ వెనక చేరి తోస్తూ, "మామ్మగారూ, ఆవిడకు మంచినీళ్లేమైనా కావాలా?" అన్నాడు.

స్ఫూర్తి బ్రేకు వేసింది. రిత్విక్ ముందుకు తూలి, బ్యాగులతో పాటు ఆగాడు.

"నాకు మోకాళ్లే నొప్పి. నోరు మంచిగనే ఉంది. నన్నే అడుగున్రి."

"మీకేం కావాలండీ?" అన్నాడు బుద్ధిగా.

"గండభేరుండం ఎక్కాలె. ఏడికి పోయినా అందరు నన్ను కింద కూసోవెట్టి, బ్యాగులన్ని నా ఒళ్లె వెట్టి పోతరు. ఇయాల ఎక్కకుండ ఇంటికి పోను."

రిత్విక్ తన భుజాలకు వేలాడుతున్న బ్యాగుల వంక చూసుకున్నాడు.

గేటు దగ్గర రైడ్ నడిపే హనుమంతు అడ్డుపడ్డాడు. "వీల్‌చైర్ వాళ్లను ఎక్కియ్యం మేడమ్."

"ఎక్కేది నేను. కుర్చీ కాదు."

"గట్టిగ పట్టుకుని కూసోవాలె. మీతోని అయితదా?"

"కూసునుడుల నన్ను మించినోళ్లు ఉన్నరా గీడ?"

క్యూ అంతా ఘొల్లుమంది. హనుమంతుకూ నవ్వాగలేదు. "సరె. కని పక్కన తోడు ఒకరుండాలె. పెద్దమ్మ వద్దు, వయసు మీద వడ్డోళ్లను ఎక్కియ్యం."

స్ఫూర్తి ముఖం వాడిపోయింది. అలవాటు కొద్దీ నాయనమ్మ చేతిసంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. అది చూసి రిత్విక్ మనసు కలుక్కుమంది.

"తోడు నేనొస్తా," అనేశాడు. "ఒక మాట ముందే చెబుతున్నా. నాకు చచ్చేంత భయం. నడుంనొప్పని ఆఫీసులో అబద్ధం చెప్పి తప్పించుకున్నా. డ్రామా ఆడింది మీరు కాదండీ, నేను."

"మరి గింతసేపు నన్నంటిరి?"

"అందుకే వస్తున్నా."

బాలమణి చేతులు చాపింది. "తేండ్రి బిడ్డా, ఆ బ్యాగులన్ని ఇటు తేండ్రి. నేను కావలి కాస్త."

పక్షి లేచింది. రిత్విక్ కళ్లు మూసుకుని కేకలు మొదలుపెట్టాడు. సన్నగా చినుకులు కూడా పడ్డాయి.

"కండ్లు తెరువున్రి! గదిగో, మా వెంగళరావు నగర్!"

"నా చెయ్యి వదలకండీ!"

"పట్టుకున్నది మీరు. నేనెట్ల వదులుత?"

ఆమె నవ్వుతూనే ఉంది. ఊరంతా కాళ్ల కింద ఉంటే ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు అంతవరకు తెలియదు.

రిత్విక్ ఎలాగో తూలుతూ కిందికి దిగాడు. ఎదురుగా కుర్చీ కనబడితే అందులో కూలబడ్డాడు. స్ఫూర్తి దాని పిడులు పట్టుకుని నిలబడింది.

"స్ఫూర్తిగారూ, మీరు నాకు బాగా నచ్చారు. పైన ఉన్నప్పుడే చెబుదామనుకున్నా, అరవడంతోనే సరిపోయింది."

"మీరు అరిచింది గదే. క్యూ మొత్తం విన్నది."

రిత్విక్ చెవులు ఎర్రబడ్డాయి. ఇందాక చప్పట్లు కొట్టిన పెద్దాయన అటే వచ్చి, "సిగ్గు లేదటయ్యా? ఆడపిల్లను నిలబెట్టి నువ్వు కూర్చుంటావా?" అని కసిరాడు.

"ఆయనకు కొత్త సార్. జర అలవాటు కానియ్యున్రి," అంది స్ఫూర్తి. తర్వాత వంగి మెల్లగా, "ఇగ లేవున్రి. నా మోకాళ్లు మొరాయిస్తున్నయ్," అంది.

రిత్విక్ గబుక్కున లేచాడు. ఆమె కూర్చుంది. పిడుల వైపు వెళ్లబోయిన అతని చేతులు మధ్యలో ఆగాయి.

"తొయ్యనా?" అని అడిగాడు.

స్ఫూర్తి వెనక్కి తిరిగి ఆ పెద్ద కళ్లతో అతన్ని తీరిగ్గా చూసింది. "ఇప్పుడు నూకున్రి."

బాలమణి బ్యాగులన్నీ తెచ్చింది. కొన్ని అతని భుజానికి తగిలించింది, మిగిలినవి తన భుజాన వేసుకుంది. మనవరాలి ఒళ్లో ఒక్కటీ పెట్టలేదు.

"ఐతారం సెలవే గద, ఇంటికి రా కొడుకా," అంది. "మా ఇంట్ల కుర్చీలకు కొదువ లేదు."