సున్నాకు దిగని ముల్లు

మన మునిమనవలు అంగారకుడి మీద కాపురాలు పెట్టిన కాలంలో ఫుట్‌బాల్ చూడ్డానికి బోలెడంత ఓపిక కావాల్సొచ్చేది. అక్కడ గురుత్వాకర్షణ తక్కువ కదా! గోల్‌కీపర్ ఒక్క తన్ను తన్నాడంటే, బంతి గాజుగోపురం కప్పును ముద్దాడి కిందికొచ్చేలోగా జనం టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి మరీ వచ్చి కూర్చునేవారు.

ఆ ఏడాది ఫైనల్ ప్రసార హక్కుల కోసం రెండు ఛానళ్లు జుట్టూజుట్టూ పట్టుకున్నాయి. ఎర్రమట్టి టీవీ అధిపతి భుజంగం. ఆయన కంట్లో నలుసు, నెలవంక టీవీ సువర్చల. ఈ తగవు తీర్చడానికే శాస్త్రవేత్త రహీం ‘ఈర్ష్యామాపకం’ తయారుచేశాడు. ఇద్దరి తలలకూ సెన్సర్ పట్టీలు కడతారు. యంత్రం మ్యాచ్‌ను ముక్కలు చేసి వాటాలు వేస్తుంది. ఎదుటివాళ్లను చూసి కన్ను కుట్టినంతసేపూ ముల్లు పైనే ఉంటుంది. ఆట మొదలయ్యే ఈల మోగేలోపు రెండు ముళ్లూ సున్నాకు దిగాలి. లేదంటే ఇద్దరికీ నల్లతెరే!

“గోల్స్ భుజంగంగారికి. బంతి గాల్లో ఉండే సమయం సువర్చలగారికి,” అంది యంత్రం.

గోల్సన్నీ తనకే! భుజంగం ముల్లు హాయిగా కిందికి జారసాగింది. అంతలో ఆయన పక్కకు చూశాడు. సువర్చల ముల్లు అప్పటికే సున్నా మీద కాళ్లు చాపుకుని కూర్చుంది.

“ఆవిడది అంత తొందరగా ఎలా దిగిందయ్యా? ఆ వాటాలో ఏదో ఉంది!” ఆయన ముల్లు చివాలున లేచింది. “మార్చెయ్!”

“తీసుకోండి అన్నయ్యగారూ. గాల్లో ఉన్నంతసేపూ ప్రకటనలు వేసుకుందామనుకున్నా. గోల్సయినా నాకు మహాప్రసాదమే,” అని నవ్వింది సువర్చల.

వాటాలు మారాయి. ఆవిడ ముల్లు కదల్లేదు. ఆయనది ఇంకా పైకి పోయింది.

“సార్, ఊరంతా తెరల ముందు కూర్చుంది. అసలు మీకేం కావాలో చెప్పండి,” రహీం బతిమాలాడు.

“ఆవిడ నవ్వుతోంది చూడు, అది కావాలి!”

“అది మ్యాచ్‌లో భాగం కాదు,” అంది యంత్రం.

ఈల మోగింది. రెండు తెరలూ నల్లబడ్డాయి. సువర్చల నవ్వు ఆగిపోయింది. కాసేపటికి స్టేడియం వైపునుంచి గోపురం దద్దరిల్లేలా “గోల్!” అన్న కేక వినిపించింది.

అప్పుడు దిగింది భుజంగం ముల్లు, సరిగ్గా సున్నాకి.

“ఇప్పుడు దిగి ఏం లాభం సార్!” రహీం తల పట్టుకున్నాడు.

“పోన్లేవయ్యా, ఇద్దరికీ సమానమేగా!” అంటూ భుజంగం తృప్తిగా టీ గ్లాసు అందుకున్నాడు. గుక్క తాగబోతూ రెండు తెరలనూ మార్చి మార్చి చూశాడు. ముల్లు మళ్లీ వణికింది.

“రహీమూ! ఆవిడ తెర మనదానికంటే కాస్త నల్లగా లేదూ?”