పందొమ్మిదో నిబంధన

ఉదయం ఎనిమిది గంటలకు చీఫ్ గదిలో గోడ మీది స్క్రీన్ పైన అత్యంత రహస్యమైన ఫొటోలు రావాలి. వాటికి బదులు ఒకే ఒక్క వాక్యం వచ్చింది. ‘ఈ దృశ్యాన్ని ఈ తెర మీద ప్రదర్శించే హక్కు మీకు లేదు.’

చీఫ్ రిమోట్‌ని అరచేతిలో రెండుసార్లు కొట్టి చూశాడు. వాక్యం కదల్లేదు.

“ఈ ఫొటోలు తీసింది మనవాళ్ళే కదండీ?” అన్నాడు ఎదురుగా కూర్చున్న ఏజెంట్.

“మనవాళ్ళే. మన కెమెరాతోనే. కెమెరాలో ఉన్న సాఫ్ట్‌వేర్ మాత్రం మనది కాదు. పోనివ్వండి, నోటితో చెప్తాను.”

ఏజెంట్‌కి యాభై ఆరేళ్ళు. ఫైళ్ళలో అతనికి ఓ పెద్ద కోడ్ పేరు ఉంది కానీ డిపార్ట్‌మెంట్‌లో అందరూ వెనకాల పిలుచుకునే పేరు చాదస్తం. ఊరికే పెట్టిన పేరు కాదది. కొత్త ఫోన్ ఇచ్చినా, కొత్త తుపాకీ ఇచ్చినా, దానితోపాటు వచ్చిన ఒప్పందం మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివితే గానీ చెయ్యి వెయ్యడు. తక్కిన ప్రపంచమంతా ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కేసి హాయిగా బతికేస్తుంటే, ఈయన మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ ముప్పై ఏడో పేజీలో ఉంటాడు. ఒకసారి ఇలాగే ఒక వాచీ ఒప్పందం చదువుతూ కూర్చుంటే దొంగలు విమానం ఎక్కేశారు.

“టార్గెట్ ఏమిటి సార్?” అన్నాడు చాదస్తం.

“తాళాలు,” అన్నాడు చీఫ్. “జనం చదివే యంత్రాలు, వినే యంత్రాలు, చూసే యంత్రాలు, అన్నిటి లోపలా ఒక తాళం సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఎవరు కొన్నారు, ఎవరు తెరవచ్చు అని చూసేది అదే. ఆ తాళాలు చేసే కంపెనీ దివాలా తీసింది. ఒక విదేశీ ముఠా దాన్ని బినామీ పేరుతో కొనేసింది. ఇవాళ పదకొండు గంటలకి సర్వర్ నుంచి రద్దు ఆదేశం వెళ్తుంది. ఇరవై ఏళ్ళుగా జనం కొనుక్కున్న పుస్తకాలు, పాటలు, సినిమాలు, వాటితోపాటు దాచుకున్న సొంత ఫొటోలు, రికార్డులూ ఒక్క దెబ్బకి మూత. తెరవాలంటే మళ్ళీ కొనాలి. వాళ్ళు చెప్పిన రేటుకి.”

“కరెంట్ తీసేస్తే?”

“వెంటనే ఇంకో రెండు దేశాల నుంచి అదే ఆదేశం వెళ్తుంది. లోపలికెళ్ళి ఆపాల్సిందే.”

“పోలీసులు?”

“ఏమని పట్టుకుంటారండీ? కంపెనీ వాళ్ళది, తాళం వాళ్ళది. జనం ఒప్పుకుని బటన్ నొక్కారు. బినామీ సంగతి రుజువు చెయ్యడానికి పది రోజులు కావాలి. మన దగ్గర మూడు గంటలే ఉన్నాయి.”

చాదస్తానికి భయమేసింది. దేశం గురించి కాదు, అబద్ధమెందుకు. అతనికి అక్క గుర్తొచ్చింది.

అక్క ముప్పై నాలుగేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫ్‌రీడర్‌గా చేసింది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆ జీతంతోనే. చీమ తలకాయంత అక్షరాలు చూసీ చూసీ చివరికి చూపు పోగొట్టుకుంది. ఇప్పుడు ఆవిడ ప్రాణమంతా అరచేతిలో పట్టే ఒక వినికిడి యంత్రంలో ఉంది. అందులో పదకొండు వందల పుస్తకాలు. అవి వింటూ ఊరుకుంటుందా? తప్పు దొరికిన చోటల్లా యంత్రాన్ని ఆపి తన గొంతుతో దిద్దుబాటు రికార్డు చేస్తుంది. ‘ఇక్కడ చదివే అమ్మాయి కామా మింగేసింది.’ ‘ఈయనగారికి పేజీ పైన చనిపోయిన మనిషి పేజీ కింద టీ తాగుతున్నాడు.’ తొమ్మిదేళ్ళుగా అదే పని. పదవీ విరమణ అయిందని ఆవిడకెవరూ చెప్పలేదేమో అనిపిస్తుంది.

యంత్రం పుస్తకాలన్నీ చదువుతుంది కానీ తన ఒప్పందం మాత్రం తను చదవదు. అందుకని మూడు ఆదివారాలు కూర్చుని అరవై రెండు పేజీలూ తమ్ముడే అక్కకి చదివి వినిపించాడు. చదవకుండా దేనికీ ఒప్పుకోకూడదని చిన్నప్పుడు నేర్పింది ఆవిడే మరి.

ఆలోచన తెంపుకుని, చీఫ్ ఇచ్చిన సామాను అందుకున్నాడు. ఏసీ మెకానిక్ యూనిఫామ్, స్క్రూడ్రైవర్ల సంచీ, సర్వర్‌కి గుచ్చితే ఆదేశాన్ని తుడిచేసే ఒక పెన్ను.

“పెన్ను ఒప్పందం?” అన్నాడు.

“చదివే టైమ్ లేదండీ!” అని చీఫ్ దణ్ణం పెట్టాడు.

ముఠా ఆఫీసు ఏడంతస్తుల అద్దాల మేడ. గేటు దగ్గర అందరి ఫోన్లూ లాక్కుని ప్లాస్టిక్ డబ్బాలో పడేస్తున్నారు. లిఫ్ట్ ఎదుట ఎత్తు మడమల చెప్పులతో, నల్లకళ్ళద్దాలతో, తల తిప్పి చూడకుండా ఉండలేని అందంతో ఒకావిడ నిలబడి ఉంది. డిపార్ట్‌మెంట్ ఆవిడకి పెట్టిన పేరు తళుకు. ముఠాలో మన మనిషి, మనలో ముఠా మనిషి. ఎవరి తరఫున మొదలుపెట్టిందో ఆవిడకే గుర్తుందో లేదో అనుమానం.

“పైన చల్లదనం సరిపోతోందా?” అన్నాడు చాదస్తం. అది కోడ్.

“పొద్దున పరవాలేదు, మధ్యాహ్నానికి చాలదు,” అంది తళుకు. తర్వాత గొంతు తగ్గించి, “మీరింకా రిటైర్ కాలేదా?”

“పేపర్లు పెట్టాను. చదువుతున్నారట.”

లిఫ్ట్‌లో ఇద్దరూ ఒకేసారి నిట్టూర్చారు. ఇరవై ఏళ్ళ క్రితం ఇదే లిఫ్ట్ అయితే ఆవిడ లిప్‌స్టిక్‌లో విషం దాచేది, ఆయన కాలర్‌లో మైక్ పెట్టుకునేవాడు. ఇప్పుడు ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఇంకొకరికి నడుము నొప్పి.

“ఇవాళ ఎవరి వైపండీ మీరు?” అని అడిగాడు.

“నా పెళ్ళి ఫొటోలు కూడా వీళ్ళ తాళంలోనే ఉన్నాయి. పెళ్ళి నిలవలేదనుకోండి. కానీ ఫొటోల్లో బాగున్నాను,” అంది. “అవి చూసుకోడానికి నేనెవడికీ అద్దె కట్టను.” తన కార్డుతో సర్వర్ గది తలుపు తెరిచింది.

గది నిండా చల్లగా, బీరువాల్లా నిలబడిన యంత్రాలు. వాటి మధ్య పెద్ద స్క్రీన్ మీద అంకెలు వెనక్కి పరిగెడుతున్నాయి. ఆరు నిమిషాల పది సెకన్లు. చాదస్తం పెన్ను తీసి గుచ్చాడు. పెన్ను చివర చిన్న లైటు వెలిగింది. స్క్రీన్ మీద ఒక మూల అక్షరాలు వచ్చాయి.

‘మీ పెన్ను చందా నిన్నటితో ముగిసింది. పునరుద్ధరించుకోవాలనుకుంటున్నారా?’

“ఓరి దేవుడా!” అన్నాడు చాదస్తం.

“కట్టలేదా?” అంది తళుకు.

“ఎవరు కడతారు? ఫైలు మూడు టేబుళ్ళు తిరగాలి.” ఒళ్ళు మండిపోయింది అతనికి. తుపాకీ కొనుక్కుంటే తుపాకీ మనది. కత్తి కొనుక్కుంటే కత్తి మనది. ఈ పెన్ను ఎవరిది? దేశం తరఫున ప్రాణాలకి తెగించి శత్రువు గుండెల మీదికి వస్తే, చేతిలో ఆయుధం చందా అడుగుతుందా?

తలుపు తెరుచుకుంది. ముఠా నాయకుడు, అందరూ చైర్మన్ అనే విదేశీయుడు, ఇద్దరు తుపాకీల వాళ్ళతో లోపలికొచ్చాడు. తన భాషలో ఏదో అన్నాడు. మెడలో వేలాడుతున్న అనువాద యంత్రం దాన్ని తెలుగులో పలికింది.

“చేతులు పైకెత్తండి. ఈ అనువాదం మీకు ఉచితంగా అందిస్తున్నవారు మెత్తటి దిళ్ళ తయారీదారులు.”

తుపాకీల వాళ్ళలో ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. చైర్మన్ ముఖం ఎర్రబడింది.

“డబ్బులు పెట్టి మంచిది కొనుక్కోవచ్చు కదయ్యా,” అన్నాడు చాదస్తం చేతులు ఎత్తుతూ.

“కొన్నాను. అప్‌డేట్‌లో పోయింది,” అని యంత్రం చైర్మన్ మాటని యథాతథంగా చెప్పేసింది. చైర్మన్ నాలిక కరుచుకున్నాడు.

తళుకు చల్లగా నడుచుకుంటూ వెళ్ళి చైర్మన్ పక్కన నిలబడింది. “నేనే పట్టుకొచ్చానండీ, మీకు చూపిద్దామని. మెకానిక్‌కి చివరి ఐదు నిమిషాలూ చూపించి తర్వాత కాల్చండి. ఎవరైనా చూడకపోతే మీకు మాత్రం సరదా ఏముంటుంది?”

చైర్మన్‌కి ఆ మాట నచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చాదస్తం స్క్రీన్ వైపు చూశాడు. చదవడం అలవాటైన కళ్ళు కదా, అంకెలు వదిలేసి అడుగున ఉన్న చిన్న అక్షరాల మీదికి వెళ్ళాయి. అక్కడ ఒక బూడిదరంగు గడి ఉంది. పక్కన ‘ని. 19’ అని మాత్రం ఉంది.

రెండో ఆదివారం గుర్తొచ్చింది. అక్క మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని వింటోంది. ‘పందొమ్మిదో నిబంధన. మొదటి భాగం: రద్దు ఆదేశం అమలయ్యేలోగా నమోదైన వినియోగదారు ఎవరైనా అభ్యంతరం తెలిపినచో, ఆదేశం ముప్పై రోజులు నిలిచిపోవును.’ ఎప్పుడో ఒక కోర్టు తిడితే పాత కంపెనీ చేర్చింది. అక్క చప్పట్లు కొట్టింది. ‘ఇదొక్కటీ మనిషి రాసినట్టుందిరా!’ ఆ తర్వాత రెండో భాగం చదివాడు. ‘అభ్యంతరం తెలిపిన వారి యంత్రము, సమీక్షాధికారి నిర్ణయం వెలువడువరకు, తక్షణమే మూసివేయబడును.’ అక్క నవ్వు ఆగిపోయింది. ‘మొదటి భాగం రాసినవాణ్ణి ఉద్యోగంలోంచి తీసేసి ఇంకెవడి చేతో ఇది రాయించారు,’ అంది.

దివాలా తీసిన కంపెనీలో సమీక్షాధికారి ఎక్కడినుంచి వస్తాడు? కేసు తేలాలి, కంపెనీ ఎవరిదో తేలాలి, కొత్త అధికారి రావాలి. అక్క వయసు అరవై ఎనిమిది.

ఒక నిమిషం నలభై సెకన్లు.

“తళుకూ, మీ యంత్రం నంబర్ ఏమిటి?” అన్నాడు గట్టిగానే.

“నంబరా? ఎవరికి గుర్తుంటుందండీ! ఫోన్ గేటు దగ్గరుంది. అది కూడా వీళ్ళు ఇచ్చిందే.”

అతనికి సొంత యంత్రం ఉండకూడదని డిపార్ట్‌మెంట్ నియమం. ప్రపంచం మొత్తం మీద అతనికి నోటికొచ్చిన నంబర్ ఒక్కటే. అక్క యంత్రం మొరాయించిన ప్రతిసారీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, గంటసేపు సంగీతం విని, చివరికి ఎవరో ఎత్తితే పన్నెండు అంకెలూ అప్పజెప్పాలి. లైన్ కట్ అయితే మళ్ళీ మొదటినుంచి. తల ప్రాణం తోకకొచ్చేది. అలా పదకొండుసార్లు.

గడి వైపు ఒకడుగు వేసి ఆగిపోయాడు. శత్రువు తుపాకీ చూసి కాదు.

తళుకు అతని ముఖం చూసింది. ఏం అర్థమయిందో గానీ, ఎత్తు మడమ చెప్పు తీసి చైర్మన్ మెడలోని అనువాద యంత్రం మీద ఒక్కటిచ్చింది. “మెత్తటి దిళ్ళు! మెత్తటి దిళ్ళు! మెత్తటి దిళ్ళు!” అని అది అరవడం మొదలుపెట్టింది. కాల్చమని చైర్మన్ తన భాషలో అరిచాడు. తుపాకీల వాళ్ళకి దిళ్ళు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఒకడు దిళ్ళు తేవడానికి బయటికి పరిగెత్తాడు, రెండోవాడు కుర్చీ తట్టుకుని పడ్డాడు.

చాదస్తం గడి తెరిచి అంకెలు కొట్టాడు. పన్నెండూ. స్క్రీన్ నిండా అరవై రెండు పేజీల ఒప్పందం పరుచుకుంది. ‘పూర్తిగా చదివి అంగీకరించండి.’

తొమ్మిది సెకన్లు.

బతుకులో మొదటిసారి అతను చదవకుండా నొక్కాడు.

అంకెలు ఒకటి దగ్గర ఆగాయి. ‘మీ అభ్యంతరం నమోదైంది. ఆదేశం ముప్పై రోజులు నిలిపివేయబడింది. మా సేవలు ఎలా ఉన్నాయో నక్షత్రాలిచ్చి తెలపండి.’

ఏజెంట్ మీద తుపాకీలు ఎక్కుపెట్టించినందుకు డిపార్ట్‌మెంట్ వాళ్ళు వచ్చి చైర్మన్‌ని తీసుకెళ్ళారు. పది రోజులు కావాల్సిన కేసుకి ముప్పై రోజులు దొరికాయని చీఫ్ ఫోన్‌లోనే ఎగిరి గంతేశాడు. “పతకం ఇప్పిస్తానండీ!” అన్నాడు. చాదస్తం సరే అని పెట్టేశాడు. సంతోషం ఎక్కడుందో వెతికి చూశాడు, దొరకలేదు.

మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ యంత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుని బట్టే గుర్తుపట్టింది.

“సరిగ్గా పదకొండింటికి వాక్యం మధ్యలో ఆగిపోయిందిరా. పక్కింటావిడది బాగానే పాడుతోంది.”

అతను చేతిలోని సంచీ కింద పెట్టాడు.

“పందొమ్మిదో నిబంధన కదూ?” అంది అక్క.

“ఆఁ.”

“నా నంబరేనా?”

“నాకింకేదీ నోటికి రాదక్కా.”

ఆవిడ వేళ్ళతో యంత్రం అంచులు తడుముతూ ఉంది. “తొమ్మిదేళ్ళురా,” అంది చివరికి. “ఆ తప్పులన్నీ మళ్ళీ తప్పులుగానే ఉండిపోతాయి.”

అతనికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. చూసేవాళ్ళెవరూ లేరు, వినేదొక్క అక్కే, ఆవిడ దగ్గర దాచడం ఎప్పుడూ చేతకాలేదు.

“సర్లే, ముక్కు తుడుచుకో,” అంది. “సంచీలో కాగితం వాసనొస్తోంది. ఏమిటది?”

దార్లో పాత పుస్తకాల కొట్లో కొన్నాడు. అట్ట చిరిగిన లావుపాటి నవల. చార్జింగ్ అక్కర్లేదు, చందా లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని మొదటి అధ్యాయం తీశాడు.

“అదిగో, దాటేస్తున్నావు. పేజీల చప్పుడు నాకు తెలీదా? అట్ట లోపలినుంచి చదువు.”

అతను వెనక్కి తిప్పి, కళ్ళజోడు సర్దుకుని చదివాడు. “సర్వహక్కులు ప్రచురణకర్తవి. ముందస్తు అనుమతి లేకుండా ఈ పుస్తకంలోని ఏ భాగాన్నీ నకలు తీయరాదు, నిల్వ చేయరాదు, ఇతరులకు బిగ్గరగా చదివి వినిపించరాదు.”

ఆగిపోయి అక్క వైపు చూశాడు. అలవాటు ప్రకారం అనుమతి ఎవర్నడగాలా అని ఆలోచిస్తున్నాడు.

“తలుపేసి రా,” అంది అక్క, వినడానికి సర్దుకుని కూర్చుంటూ. “రహస్యంగా పనిచెయ్యడం నీకేమన్నా కొత్తా?”