దేవుడి పటం పక్కన కార్డు

తాడేపల్లిగూడెంలో ఆ ఇంట రోజూ పొద్దున్నే జరిగే మొదటి పని, మావగారి కాలికి కోడలు కట్టు మార్చడం. వెంకట్రాజుగారు వరండాలో పడక్కుర్చీలో కూర్చుని, ఎడమ కాలు స్టూలు మీద పెట్టుకుని, "అమ్మాయ్, నీకు రోజూ ఇదో చాకిరీ" అంటారు. "చాకిరీ ఏవుందండీ మావయ్యగారూ" అంటుంది చంద్రకళ. షుగరు పుండు. చిన్న పొక్కులా మొదలై, బొటనవేలినీ దాని పక్క వేలినీ పొట్టన పెట్టుకుంది.

కట్టు విప్పే వేళకి కన్నకొడుకు చరణ్‌తేజ మాత్రం ఇంట్లో కనపడడు. ఆ వాసన పడదట పాపం! జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఒకరోజు చేపల మేత లారీ వచ్చిందంటాడు, ఒకరోజు నిడమర్రు చెరువుల దగ్గర మోటారు ఆగిపోయిందంటాడు. ఆవేళ స్నానానికని వెళ్లాడు.

చంద్రకళ వేడినీళ్లు తెస్తూ దేవుడి గదిలోకి చూసింది. అత్తగారు సుభద్రాయమ్మ దీపం పెట్టి, వెంకటేశ్వరస్వామి పటానికి బొట్టు పెట్టి, అమ్మవారికి పెట్టి, అదే వేలితో పక్కనున్న నల్లటి రేకుముక్కకీ పెట్టింది. అది క్రెడిట్ కార్డు! బ్యాంకు కార్డుకి కుంకం బొట్టేమిటని నవ్వొచ్చే సంగతే గానీ, చంద్రకళకి నవ్వు రాలేదు.

కిందటి వారం మఖమల్ గుడ్డ పరిచిన పెట్టెలో వచ్చిందది. అడిగితే ఇచ్చేది కాదట, వాళ్లే పిలిచి ఇవ్వాలట. అలా పిలవాలంటే ఏడాదిలో బోలెడంత ఖర్చు పాత కార్డు మీద గీకి చూపించాలి. ఏడాదిగా తేజకి అదే పిచ్చి. చుట్టాలెవరైనా పెళ్లికి ఫ్రిజ్ కొంటున్నా "నాకు క్యాష్ ఇవ్వండి, నేను గీకుతా" అని వెంటపడేవాడు. కార్డు వచ్చిన రోజు పెళ్లాన్ని కూర్చోబెట్టి దాని గొప్పలు ఏకరువు పెట్టాడు.

"విమానాశ్రయంలో లాంజ్ ఫ్రీ, కళా. ఎంత తిన్నా అడగరు."

"ఏడాదికోసారి గన్నవరంలో విమానం ఎక్కుతారు. ఇంట్లో ఇడ్లీ చేదా అండీ?"

"గోల్ఫ్ నేర్పిస్తారు."

"ఎక్కడ? కొల్లేటి గట్ల మీదా?"

"ఫోన్ చేస్తే చాలు, హోటల్లో మనకి టేబుల్ అట్టే పెట్టిస్తారు."

"మన గూడెంలోనా? మీరెళ్తే ఆ హోటలాయనే బల్ల తుడిచి కూర్చోబెడతాడు కదండీ!"

ఏడాది ఫీజుతో పాడిగేదె వస్తుంది. ఆ మాటంటే తేజకి కోపం వచ్చింది. పెద్దాయన మాత్రం ఆ పెట్టె చూసి ముచ్చటపడ్డారు. "నా ఆపరేషన్ బిల్లు కట్టింది దీంతోనేంట్రా?" అనడిగితే, "పాత కార్డుతో కట్టాను నాన్నా. ఆ బిల్లు కట్టాకే ఇది వచ్చింది" అన్నాడు కొడుకు. ఆయన కార్డుని రెండు చేతులా పట్టుకుని కళ్లకద్దుకున్నారు. సుభద్రాయమ్మ తీసుకెళ్లి దేవుడి పటం పక్కన పెట్టింది. అప్పట్నించీ రోజూ బొట్టే.

చంద్రకళ నీళ్లు కింద పెట్టేసరికి హాల్లో తేజ ఫోన్ మోగింది. తీసింది.

"చరణ్‌తేజ గారి మిసెస్సా అండీ? కార్డు అందిందాండీ మేడం?" బ్యాంకు కుర్రాడు, గొంతులో తేనె. "కొంచెంలో తప్పిపోయేదండీ. ఫాదర్ గారి ఆపరేషన్‌కి ముందు ఆదివారం సారు కంగారుగా ఫోన్ చేశారు. ఫాదర్ గారి హాస్పిటల్ బిల్లుందీ, కార్డు లిమిట్ అయిపోయిందీ అని. గురువారం పాత పేమెంట్ జమయితే లిమిట్ మళ్లీ తెరుచుకుంటుంది, అప్పుడు గీకితే ఏడాది ఖర్చు టార్గెట్ దాటేస్తారు, కొత్త కార్డు వచ్చేస్తుంది సార్ అని నేనే చెప్పానండీ. సారు ఓపిగ్గా ఆగారు."

చంద్రకళ ఇంకో మాట వినకుండా ఫోన్ పెట్టేసింది.

ఆ ఆదివారం ఆమెకి బాగా గుర్తు. వీధి చివరి నర్సింగ్‌హోమ్‌లో డాక్టర్ విజయకుమారి గారు కాలు చూసి, "ఈ రాత్రికే శుభ్రం చేసేద్దాం, వేలు దక్కుతుంది. డబ్బుదేముంది, తర్వాత ఇద్దురు గాని" అన్నారు. తేజ ఒప్పుకోలేదు. విజయవాడలో పెద్ద డాక్టరుగారు చూడాల్సిందే, ఆయన గురువారం గాని రారు అన్నాడు. తండ్రి మీద ఎంత ప్రేమో అని అందరూ మురిసిపోయారు. ఆ నాలుగు రోజులూ పెద్దాయన జ్వరంతో మూలుగుతూ నొప్పి మాత్రలు మింగారు. గురువారానికి వేళ్లు నల్లబడ్డాయి; విజయవాడలో తీసేశారు.

ఛీ, ఏం మనిషి! పెద్ద డాక్టరూ లేడు, పాడూ లేడు. వీధి చివరి నర్సింగ్‌హోమ్‌లో కార్డు గీకే మిషన్ లేదు, అదీ సంగతి! ఆమెకి ఒళ్లంతా కంపరమెత్తింది. పుండు కడిగిన చేతులకి ఏనాడూ రాని రోత, ఈ మనిషితో ఒకే కంచంలో తిన్నానని తలుచుకుంటే వచ్చింది.

తేజ తువ్వాలుతో తల తుడుచుకుంటూ పెరటి గుమ్మంలోకి వచ్చాడు. ఫోన్ అతని చేతిలో పెట్టింది.

"మీ బ్యాంకాయన చేశాడు. సారు ఓపిగ్గా ఆగారని మెచ్చుకుంటున్నాడండీ."

అతను వరండా వైపు చూశాడు. "కళా, నెమ్మదిగా..."

"నెమ్మదేంటండీ! మావయ్యగారి వేళ్లు కుళ్లుతుంటే మీరు లిమిట్ కోసం చూశారా? ఇంకెవరైనా ఈ మాట చెప్తే చెంప పగలగొట్టేదాన్ని. మా ఆయన అలాంటోడు కాదని!"

"నాలుగు రోజుల్లో ఏవవుతుందనుకున్నాను. నాన్నకి చెడు చేస్తానా నేను?" "నీకు తెలీదు. భీమవరం పెళ్లిలో ఆ రొయ్యల ఎగుమతి వాళ్లు బల్ల మీద ఇలాంటి రేకు కార్డే టకటకా కొడుతూ, నువ్వింకా ఆ ప్లాస్టిక్‌దే వాడుతున్నావా తేజా అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తల కొట్టేసినట్టయింది."

"మీ తల నిలబడ్డానికి ఆయన కాలు కావాల్సొచ్చిందా?"

అతను తువ్వాలు దండెం మీద వేసి అటు తిరిగాడు.

"అత్తయ్యగారు దానికి రోజూ బొట్టు పెడుతున్నారు. నాకు ఆ గదిలోకి వెళ్లాలంటేనే అసహ్యంగా ఉంది. మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఇంతలో వరండాలోంచి మాటలు వినపడ్డాయి. పెద్దాయన పాత స్నేహితుడు తాతాజీగారు పలకరింపుకి వచ్చారు. "అమ్మాయ్, ఆ కార్డు ఓసారి పట్రా, తాతాజీ చూస్తాడంట" అని కేక వేశారు వెంకట్రాజుగారు. చంద్రకళ కదల్లేదు. సుభద్రాయమ్మే తెచ్చి ఇచ్చింది.

"మావాడు డబ్బుకి వెనకాడలేదయ్యా" అంటున్నారాయన, కార్డుని వేళ్లతో నిమురుతూ. "ఊళ్లో చూపిస్తే సరిపోయేదానికి, పెద్ద డాక్టరే చూడాలని పట్టుబట్టాడు. రెండు వేళ్లు పోతే పోయాయి గాని, ప్రాణం నిలబెట్టాడు. అలాంటి కొడుకు ఎంతమందికుంటాడు చెప్పు?" అని మళ్లీ దాన్ని కళ్లకద్దుకున్నారు.

వరండా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ తేజ అది చూశాడు. గబగబా వచ్చి తండ్రి ముందు కూలబడ్డాడు. "నాన్నా, దాన్ని కళ్లకద్దుకోకు. నీకు దణ్ణం పెడతాను" అన్నాడు. అంతా చెప్పేశాడు. ఆదివారం ఎవరికి ఫోన్ చేశాడో, గురువారం దాకా ఎందుకు ఆపాడో. తాతాజీగారు లేవబోతే, "కూర్చో తాతాజీ, నువ్వూ విను" అన్నారు పెద్దాయన. సుభద్రాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వెంకట్రాజుగారు భుజం మీది తువ్వాలు తీసి, కార్డు మీది కుంకం శుభ్రంగా తుడిచారు. కొడుకు చేతిలో పెట్టారు.

"ఆదివారం రాత్రి నొప్పి భరించలేకపోయాన్రా" అన్నారు మెల్లగా. "నిన్ను లేపుదామనుకున్నాను. నా కోసం అంత తాపత్రయపడుతున్నావు కదా, మళ్లీ కంగారు పెట్టడమెందుకని దుప్పటి నోట్లో కుక్కుకుని పడుకున్నాను."

తేజ బావురుమన్నాడు. "కొట్టు నాన్నా నన్ను" అన్నాడు.

"కొడితే వేళ్లొస్తాయా?" ఆయన కళ్లు తుడుచుకున్నారు. స్టూలు మీది కాలు చూపించారు. "ఇవాళ ఇంకా కట్టు మార్చలేదు. నువ్వు మార్చు."

తేజ కార్డుని నేల మీద వదిలేసి మోకాళ్ల మీద ముందుకి జరిగాడు. ఒక్కో పొరా విప్పుతుంటే వాసన గుప్పుమంది. అలవాటు కొద్దీ రుమాలు కోసం చెయ్యి జేబు దాకా పోయి, వెనక్కొచ్చింది. ఆఖరి పొర ఊడదీశాక చూశాడు. చిన్నప్పుడు తనని భుజాన ఎక్కించుకుని చెరువు గట్టు మీద నడిచిన కాలు అది. హాస్పిటల్ నుంచి వచ్చాక అతను దాన్ని చూడటం అదే మొదలు.

చంద్రకళ అతన్ని ఇంకా క్షమించలేదు. అయినా వేడినీళ్ల గిన్నె దగ్గరికి జరిపి, పక్కన కూర్చుంది.

"దూది తడిపి పై నుంచి అద్దండి. గట్టిగా తుడిస్తే ఆయనకి నొప్పి" అంది.

"పర్లేదమ్మాయ్, వాణ్ణి చెయ్యనీ" అన్నారు వెంకట్రాజుగారు కొడుకు తల మీద చెయ్యి వేసి. "నెమ్మదిగా కానివ్వరా తేజా. ఇప్పుడు తొందరేం లేదు."