ఆరు చిన్న మరలు

“ఇది దీనికి బిగించాలి. సాయంత్రం అయిదింటికల్లా,” అంది ఆ అమ్మాయి.

‘ఇది’ అంటే అరచేతిలో పట్టే అట్టపెట్టె. ‘దీనికి’ అంటే కౌంటర్ మీద పడుకోబెట్టిన గిటార్ కేసు. ఆమె వేలు ఆ రెంటి మధ్యా ఒకసారి అటూ ఇటూ ఊగి, చివరికి నా వైపు ఆగింది, ఆలస్యమంతా నాదే అన్నట్టు.

అప్పటికి పొద్దున పదిన్నర. మా ఓనర్ ఏదో హాల్లో స్పీకర్లు పెట్టించడానికి వెళ్ళారు. షాపులో నేనూ, తీగలు లేని నాలుగు గిటార్లూ మిగిలాం.

ఆమె నాకు తెలియని మనిషి కాదు. రోడ్డుకి అవతల కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెడుతుంది. రెండేళ్ళుగా ఆమె షట్టర్ లేచిన చప్పుడుకి నేను తల తిప్పడం, నా షట్టర్ చప్పుడుకి ఆమె తల తిప్పడం జరుగుతూనే ఉంది. మాట మాత్రం ఇదే మొదలు. ఆ మొదటి మాట ఇలా ఉంటుందని నేను అనుకోలేదు.

పెట్టె విప్పాను. లోపల కొత్త టెయిల్‌పీస్. గిటార్ ఒంటి మీద తీగల చివర్లన్నీ పట్టి ఉంచే ఇనుప పట్టీ అది. మామూలు వాటికి భిన్నంగా దీని మీద తీగకొకటి చొప్పున ఆరు చిన్న మరలున్నాయి. మెడ చివర ఉండే కీల దాకా చెయ్యి చాచకుండా, వాయించే చేత్తోనే మర కాస్త తిప్పితే శ్రుతి వెంట్రుక వాసి పైకో కిందికో జరుగుతుంది.

“గిటార్ మీదేనా?”

“మా నాన్నది.”

“ఆయన్ని అడిగారా?”

“మీరు మెకానిక్కా, పోలీసా?”

కేసు తెరిచాను. నల్లటి గిటార్. మోచెయ్యి ఆనే చోట పాలిష్ పోయి లోపలి చెక్క గుడ్డు ఆకారంలో బయటపడింది. ఈ గిటార్ నాకు తెలుసు. దీని మనిషి ఇంకా బాగా తెలుసు. ముప్ఫై ఏళ్ళు ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ వాయించినాయన. నేను చేరిన కొత్తలో దీనికి తీగలు మారుస్తుంటే పక్కన నిలబడి చూసి, మా ఓనర్‌తో, “ఈ అబ్బాయికి ఇంకేదైనా పని చెప్పు,” అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

“ఓనర్ వచ్చాక రండి,” అన్నాను.

“ఆయన రేపొస్తారట, ఫోన్ చేసి కనుక్కున్నా. నాన్న మా అక్క వాళ్ళింటి నుంచి ఇవాళ అయిదున్నర బస్సుకి దిగుతాడు. మీకు చేతకాదా?”

“చేతనవును.”

ఈ మాట ఆలోచించి అన్నది కాదు. ఎవరైనా చేతకాదా అని అడిగితే అవునని ఒప్పుకోలేని జబ్బు నాకుంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే మా అమ్మ నా పట్టాని ఫ్రేము కట్టించి, షాపు నాదైనట్టు, తెచ్చి ఓనర్ కుర్చీ వెనక తగిలించింది. అమ్మాయి ఇప్పుడు దాని వైపే చూస్తోంది.

“ఫిజిక్సు. ఫస్ట్ క్లాసు. అయితే నమ్మొచ్చు, డిగ్రీ గారూ.”

“అసలు ఎందుకు మారుస్తున్నారో చెప్పండి. చెప్పకపోతే ముట్టుకోను.”

ఆమె కాసేపు కౌంటర్ అంచు గోటితో గీకింది.

“నాన్న ఎడం చెయ్యి వణుకుతోంది. గిటార్ మెడ మీది మెట్లకి వేళ్ళు ఆనించి ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. కార్డులన్నీ పడతాయి. కీ తిప్పడానికి చెయ్యి గాల్లోకి లేపితే చాలు, మొదలు. తిప్పబోయింది ఒకంతయితే తిరిగేది నాలుగింతలు. పోయిన నెల రెండు తీగలు తెగాయి. అప్పట్నుంచి కేసు తెరవలేదు. ఆదివారం పాత ఆర్కెస్ట్రా వాళ్ళంతా కలిసి ప్రోగ్రాం చేస్తున్నారు. మూడ్ లేదు, రానని చెప్పేశాడు.”

“డాక్టరుకి చూపించారా?”

“చూపించాం. ప్రాణానికి ఏం కాదన్నారు. వణుకు పోదన్నారు.” ఆమె కేసు మూత మీద చెయ్యి వేసింది. “అందరి ముందూ కీ దగ్గర చెయ్యి వణికితే ఎలా అని ఆయన భయం. ఆ మాట చచ్చినా పైకి అనడు. ఈ ఆదివారం వెళ్ళకపోతే ఇంకెప్పుడూ వాయించడు. నాకు తెలుసు.”

నేను స్క్రూడ్రైవర్ తీశాను.

తీగలు ఆనే బ్రిడ్జి ఉన్న చోటు చుట్టూ టేపు అంటించి గుర్తు పెట్టుకున్నాను. తీగలు ఒక్కొక్కటే వదులు చేశాను. పాత పట్టీ ఊడి వచ్చింది. దాని రెండు బోల్టులు చెక్కలోనే ఉన్నాయి. కొత్తదాన్ని వాటి మధ్యకి దించాను.

దిగలేదు.

మళ్ళీ దించాను. ఈసారీ దిగలేదు. వెర్నియర్ పెట్టి కొలిచాను. బోల్టుల మధ్య దూరం సరిపోయింది. బోల్టు మెడే లావు, కొత్త పట్టీకి రెండు చివర్లా ఉన్న గాడి సన్నం. తేడా పావు మిల్లీమీటరు.

“ఏమైంది?”

“ఏం కాలేదు.”

“మీ మొహం అలా అనడం లేదే.”

“పెట్టెలో దీని బోల్టులు వేరే ఇచ్చారు. కానీ అవి చెక్కలో దిగాలంటే లోపల పాత బోల్టుల్ని పట్టి ఉంచిన ఇనుప గొట్టాలు పీకాలి.”

“పీకితే?”

“బాగా పీకితే ఏం కాదు.”

“బాగా పీకకపోతే?”

“పాలిష్ పగులుతుంది. చెక్క కూడా లేవొచ్చు.”

నేను గొట్టం పీకే పనిముట్టు తెచ్చి, గిటార్ మీద గుడ్డ పరిచి, దాన్ని గొట్టానికి తగిలించాను. గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. పీల్చిన ఊపిరి వదలడం గుర్తు రాలేదు. చెక్కలోంచి సన్నగా చిటుక్కుమంది.

“ఆగండి,” అంది ఆమె. “మా దగ్గర కళ్ళజోడు ముక్కు మీద సరిగ్గా కూర్చోకపోతే ఏం చేస్తామో తెలుసా?”

“ఏం చేస్తారు?”

“ఫ్రేముని ఆకురాయితో రాస్తాం. ముక్కుని రాయం.”

నేను పనిముట్టు కింద పెట్టేశాను. గిటార్ ముక్కు. కొత్త పట్టీ ఫ్రేము. పాడైతే ఇంకో పట్టీ దొరుకుతుంది, ఇంకో గిటార్ దొరకదు. మూడేళ్ళు ఫిజిక్సు చదివినా ఇంత చిన్న సంగతి తట్టనందుకు సిగ్గేసింది. చిటుక్కుమన్న చోటు భూతద్దంతో చూశాను. పగులు లేదు. అయినా ఇంకో రెండుసార్లు చూశాను.

ఆమె రోడ్డు దాటి వెళ్ళి చిన్న చిన్న ఆకురాళ్ళ సంచీ పట్టుకొచ్చింది. పట్టీని బిగింపులో పెట్టి నేనొక గాడి, ఆమె ఒక గాడి రాయడం మొదలుపెట్టాం. పదిసార్లు రాసి, ఆపి కొలవడం, మళ్ళీ రాయడం. ఎక్కువ రాస్తే పట్టీ గలగలలాడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది, రెండు దాటింది. బయట వాన పట్టింది.

“మీ కళ్ళజోడు వంకరగా ఉంది,” అంది ఉన్నట్టుండి. “రెండేళ్ళుగా రోడ్డు అవతలి నుంచి చూస్తున్నా. ప్రాణం ఆగడం లేదు.”

నేను ఏదో అనేలోపే దాన్ని నా మొహం మీంచి లాగేసుకుంది. కాడ వంచుతోంది. కళ్ళజోడు లేకపోతే నాకు రెండడుగుల అవతల ప్రపంచమంతా మసక. ఆమె మాత్రం రెండడుగుల లోపలే ఉంది.

“ఏంటలా చూస్తున్నారు?”

“కనబడక.”

“కనబడనివాళ్ళు అలా చూడరు. నా ఉద్యోగమే అది, నాకు చెప్పకండి.”

నాలుగుంబావుకి పట్టీ బోల్టుల మీదకి దిగింది. గట్టిగానూ లేదు, వదులుగానూ లేదు. ఆరు మరలూ సగం దాకా తిప్పి ఉంచాను, ఇటూ అటూ జరగడానికి చోటుండాలని. తీగలెక్కించి, శ్రుతి మీటర్ పెట్టి ఆరింటినీ పచ్చదీపం వెలిగేదాకా సరిచేశాను. ఇద్దరం ఒకేసారి నవ్వాం.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. వింటూ వింటూ మొహం పాలిపోయింది.

“వాన వస్తోందని ముందు బస్సుకే వచ్చేశాడట. గిటార్ ఏదని అడుగుతున్నాడు.”

“పదండి. నేనూ వస్తాను.”

“మీరెందుకు?”

“బిగించింది నేను. అడిగితే చెప్పాల్సింది నేనే.”

దారి పొడుగునా ఆమె అబద్ధాలు అల్లుతూనే ఉంది. కేసు జిప్పు పోయిందంది. తీగలు తుప్పు పట్టాయంది. షాపులో ఏదో ఉచిత సర్వీసు అంది. నేను గొడుగు పట్టుకుని నడుస్తున్నాను.

“డిగ్రీ గారూ, ఆ గొడుగు నాకా, గిటార్‌కా?”

“గిటార్‌కి.”

“కాసేపు ఆలోచించి చెప్పొచ్చుగా.”

“ఆలోచించే చెప్పాను. మీరు తడిస్తే ఆరతారు.”

“అబ్బ, ఎంత బాగా చెప్పారో,” అని ఆమె గొడుగులోకి ఇంకాస్త జరిగింది. నా కుడి భుజం మొత్తం వానలోకి వెళ్ళిపోయింది. నాకేం బాధనిపించలేదు. భయంగా మాత్రం ఉంది. ఆ భయం ఎంత ఆయన గురించో, ఎంత ఆమె గురించో విడదీసి చెప్పలేను.

వాళ్ళ ఇల్లు రెండో అంతస్తులో. ఆయన బూట్లు కూడా విప్పకుండా ముందు గదిలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. నన్ను చూశారు. గుర్తుపట్టారు. కేసు తనే తెరిచారు.

“ఇదేంటి?”

“నాన్నా, అది... జిప్పు...” అంది ఆమె.

“నేను బిగించాను సార్,” అన్నాను. “కొత్త టెయిల్‌పీస్. పాతది కేసు జేబులో ఉంది. చెక్కకి ఒక్క గీత పడలేదు. వద్దంటే పది నిమిషాల్లో పాతదే పెట్టేస్తాను.”

“ఎందుకు బిగించావు?”

అదే ప్రశ్న వస్తుందని దారంతా అనుకున్నాను. ఏం చెప్పినా ఆయన దాచుకున్నది నా నోట బయటికొస్తుంది. అబద్ధం చెప్పడం నాకు రాదు.

“కీల దాకా చెయ్యి చాచే పని లేకుండా సార్.”

ఆయన ఎడం చెయ్యి ఒళ్ళో ఉంది. దాన్ని కుడి చేత్తో కప్పుకున్నారు.

“నీకెవరు చెప్పారు?”

“నేనే చెప్పాను నాన్నా. తీగలు తెగినప్పుడు తలుపు పక్కనే ఉన్నాను. తిట్టాలంటే నన్ను తిట్టు.”

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. గిటార్ ఒళ్ళోకి తీసుకుని ఒక కార్డు పట్టి, తీగల మీద వేలు జార్చారు. నుదురు ముడిపడింది.

“శ్రుతి ఎవరు చేశారు?”

“నేనే సార్. మీటర్ పెట్టి. ఆరూ సరిగ్గా ఉన్నాయి.”

“అదే వచ్చిన గోల. మూడో తీగ మీటర్ చెప్పినంత పెడితే నేను పట్టే కార్డులో అదొక్కటే గొంతు చించుకుంటుంది. దాన్ని ఒక పిసరు దించాలి. ముప్ఫై ఏళ్ళ నుంచి దించుతున్నాను.”

పొద్దుటి నుంచి పడిన పాటంతా పచ్చదీపం దగ్గర పాడుచేసుకున్నాను.

ఆయన ఎడం చెయ్యి అలవాటు ప్రకారం కీల వైపు లేచింది. గాల్లోకి లేవగానే వేళ్ళు వణకడం మొదలుపెట్టాయి. సాయం చెయ్యడానికి నేనొక అడుగు వేయబోయాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది.

చెయ్యి సగం దారిలో నిలబడింది. ఆయన దాన్నే చూస్తున్నారు, మేమిద్దరం చూస్తున్నామని తెలిసీ. తర్వాత నెమ్మదిగా దించి, మెట్ల మీద మళ్ళీ కార్డు పట్టుకున్నారు. వణుకు ఆగింది. కుడిచేతి మణికట్టు గిటార్ మీద ఆనించి తీగలు మోగించారు. మోగుతుండగానే రెండు వేళ్ళతో మూడో మర వెతికి పట్టుకుని తిప్పారు. తీగ చిన్నగా కిందికి జారింది. ఎక్కువ జారింది. కొంచెం వెనక్కి తిప్పారు. మళ్ళీ మోగించారు.

నా చెవికి తేడా అంతంతమాత్రం. ఆయన మొహంలో మాత్రం ముడి విడిపోయింది.

ఇంకో కార్డు పట్టారు. ఇంకొకటి. మర మీదకి వేళ్ళు ఈసారి వెతక్కుండానే వెళ్ళాయి.

“ఆదివారం ప్రోగ్రాం ఎన్నింటికన్నారే?”

“ఆరింటికి నాన్నా.”

“ఫోన్ చేసి వస్తున్నానని చెప్పు. అక్కడ ఆ పాత యాంప్లిఫయర్ పెట్టొద్దని కూడా చెప్పు.” తల ఎత్తకుండానే అడిగారు. “ఈ అబ్బాయి నీకు ఎన్నాళ్ళుగా తెలుసు?”

“పొద్దుట్నుంచి.”

“పొద్దుట్నుంచి తెలిసిన మనిషి చెయ్యి అంత గట్టిగా పట్టుకున్నావేం?”

ఇద్దరం కిందికి చూశాం. ఆమె వేళ్ళు ఇంకా నా మణికట్టు చుట్టూనే ఉన్నాయి.

“భయమేసింది నాన్నా.”

“ఇంకా వేస్తోందా?”

ఆమె నా వైపు చూసింది. నా గుండె కొట్టుకోవడం ఆమె వేళ్ళకి ఎలాగూ తెలిసిపోతోంది. దాచడానికి ఏమీ మిగల్లేదు. నేను అరచెయ్యి తిప్పి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

“కొంచెం,” అంది ఆమె.

ఆయన ఇంక మా వైపు చూడలేదు. కుర్చీని కిటికీ వైపు తిప్పుకుని, తల వంచి, వాన చప్పుడు మునిగేంత గట్టిగా వాయించడం మొదలుపెట్టారు.