పద్దెనిమిది ఇస్తుందన్న బండి

పెట్రోలు డిపో ల్యాబ్‌లో కెమిస్ట్ నేల మీద పడి ఉన్నాడు. మెడ పక్కన సూది గుచ్చిన గుర్తు. టేబుల్ మీద శాంపిల్ సీసాలన్నీ వరుసగా ఉన్నాయి, ఒక్కటి మాత్రం పగిలింది. ఫోన్ రిసీవర్ తీగకు వేలాడుతోంది. ప్రాణం పోయేలోగా అతను హెడ్ ఆఫీసుకు చెప్పగలిగింది ఒకే ఒక్క ముక్క.

"చక్కనమ్మ రిజర్వ్‌లో పడింది."

ఇంధన నిఘా విభాగంలో ఆ కోడ్ తెలియనివాళ్ళు లేరు. రిజర్వ్‌లో పడటమంటే, మనవైపు ఉందనుకున్న మనిషి అవతలివాళ్ళకు పనిచేస్తోందని అర్థం. చక్కనమ్మ పేరుకు సెంట్ల కంపెనీ ప్రతినిధి. అసలు వృత్తి గూఢచర్యం. కల్తీ ఇంధనం అమ్ముకునే 'గరాటు' అనే విదేశీ ముఠా నుంచి బయటపడి మనవైపు వచ్చేశానని చెప్పింది. చెప్పినదాన్ని విభాగమంతా నమ్మింది. అంత అందమైన మనిషి చెబితే ఆడిటర్లు కూడా నమ్ముతారు.

పొద్దున్నే పెద్దాయన గదికి ఏజెంట్ లీటర్‌ను పిలిచారు. పెద్దాయనంటే విభాగాధిపతి. లీటర్ అంటే విభాగంలోకెల్లా గట్టి ఏజెంట్. గడ్డం అంటించుకుంటే సొంత అక్క కూడా గుర్తుపట్టదు. అతని టై పిన్నులో వైర్‌లెస్ ఉంటుంది, ఉంగరం పెట్రోల్లో ముంచితే కల్తీని బట్టి రంగు మారుతుంది. ఇన్ని ఉన్న మనిషికి ఒక్కటే జబ్బు. దాని పేరు తర్వాత చెప్పుకుందాం.

పెద్దాయన సూటిగా విషయానికి వచ్చారు. గరాటు ముఠా గుట్టంతా తెలిసిన ఒక పెద్దావిడ ఈ మధ్యాహ్నం రేవు పక్క కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఆవిడ ముఠా ల్యాబ్‌లోనే ఏళ్ళ తరబడి పనిచేసిన కెమిస్ట్. ఆవిణ్ణి తీసుకొచ్చే కాన్వాయ్ కొండ మీది రహస్య బంగళా నుంచి తెల్లారకముందే బయల్దేరింది. ముందు ఒక పాత జీపు, వెనక రెండు కొత్త బుల్లెట్‌ప్రూఫ్ కార్లు. జీపు నడిపేది లీటర్ బావ, అంటే అక్క మొగుడు.

"గరాటువాళ్ళ కొత్త సరుకు గురించి మన కెమిస్ట్ నిన్ననే చెప్పాడు," అన్నారు పెద్దాయన. "రంగుకీ వాసనకీ పెట్రోలే. పాత బండిలో పోస్తే నాలుగు దగ్గులు దగ్గి లాగేస్తుంది. కొత్త బండిలో పోస్తే సెన్సర్లు గగ్గోలు పెడతాయి, ఇంజెక్టర్లు మూసుకుపోతాయి. నాలుగైదు కిలోమీటర్లలో బండి రోడ్డు మీద శవం. అక్కడ వాళ్ళ షూటర్లు రెడీగా ఉంటారు."

"మరి ఏ బంకులో పోస్తారో వాళ్ళకెలా తెలుస్తుంది సార్?"

"అదే నేనడుగుతున్నాను. చక్కనమ్మకు ఎవరైనా ఏమైనా చెప్పారా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, లీటర్ చెయ్యి తనకు తెలియకుండానే టై పిన్ను మీదికి వెళ్ళింది.

ఇక జబ్బు పేరు చెప్పక తప్పదు. మనవాళ్ళలో ఒకరి జీతం ఇంకొకరు అడగడానికి మొహమాటపడతారు, వయసు అడగడానికి కొంచెం తటపటాయిస్తారు. బండి మైలేజ్ మాత్రం ముక్కూమొహం తెలియనివాణ్ణి కూడా అడిగేస్తారు. ఎంతిస్తుంది? అడిగినవాడికి ఉన్నదున్నట్టు చెప్పినవాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. విభాగం వాహనాల షెడ్డులో రోజూ పొద్దున పలకరింపు అదే. బావ తన పాత జీపు బానెట్ మీద చెయ్యివేసి, "మనది పన్నెండు. ఏది పోసినా తాగుతుంది, ఎక్కడైనా ఎక్కుతుంది" అనేవాడు. ఆ పక్కనే తళతళలాడే కొత్త కార్లు. వాటి బాధ్యత లీటర్‌ది. కొండదారిలో వారం రోజులు తిప్పి చూశాడు. ఉక్కు రేకుల బరువుకో, బంకుల్లో దొరికే పెట్రోలు నాణ్యతకో, పదకొండు దాటలేదు. ఆ పదకొండును తలుపులు మూసి పెద్దాయన ఒక్కరికే చెప్పాడు. బయటికొచ్చి షెడ్డులో మాత్రం, "పద్దెనిమిది ఇస్తోంది బావా" అన్నాడు.

మొన్న హోటల్ పోర్టికోలో చక్కనమ్మ కారు చుట్టూ ఒకసారి తిరిగి, అద్దంలో జుట్టు సర్దుకుంటూ అడిగింది. "కొత్తవట కదా, ఎంతిస్తాయి?" లీటర్ ఛాతీ విరిచి చెప్పేశాడు. ట్యాంకు ఎంతదో కూడా చెప్పాడు. ఆమె అడగకుండానే.

అదంతా ఇప్పుడు గుర్తొచ్చి అతని చెవులు వేడెక్కాయి. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పుడు అక్క వందసార్లు చెప్పి ఉంటుంది.

"నేనే సార్," అన్నాడు తలొంచుకుని. "కార్ల మైలేజ్ ఎంతో చెప్పాను."

పెద్దాయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది లీటర్‌కు. ఆయన లేచి గోడ మీది మ్యాప్ దగ్గరికి వెళ్ళారు. ఆ దారిలో ఉన్నవి రెండే బంకులు. కొండ దిగగానే ఒకటి, సొరంగానికి ముందు ఇంకొకటి. పదకొండు లెక్కన కొత్త కార్లు మొదటి బంకులో ఆగక తప్పదు. మైలేజ్ తెలిసిందంటే ఆ బంకు తెలిసిపోయినట్టే. కాబట్టి కాన్వాయ్ మొదటి బంకు వదిలేసి, జీపులో ఉన్న క్యాన్ల పెట్రోలు కార్లలో పోసుకుని, రెండో బంకు దాకా వచ్చి అక్కడ నింపుకోవాలి. ఆయన ఆ ఆర్డర్ అక్కడికక్కడే వైర్‌లెస్‌లో ఇచ్చేశారు.

లీటర్ మ్యాప్ మీద రెండో బంకు వైపు చూశాడు. చక్కనమ్మకు తను చెప్పింది పదకొండు కాదు, పద్దెనిమిది. పద్దెనిమిది లెక్కన కట్టుకుంటే కార్లు నేరుగా రెండో బంకుకే వస్తాయి. విషం కలిపింది అక్కడే. తను సగం నిజం చెప్పి సాక్షినీ బావనీ వలలోకి తోసేశాడు.

అప్పుడే నోరు తెరిచి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. కానీ అబద్ధాలకోరునని ఈ పెద్దమనిషి ముందు ఎలా ఒప్పుకోవడం? అది కూడా ఏ దేశరహస్యం కోసమో ఆడిన అబద్ధమా? బావ జీపుకన్నా తన కారు ఎక్కువిస్తుందని చెప్పుకోవడానికి ఆడింది. లీటర్‌కు ప్రాణం చచ్చిపోయినంత పనైంది. రెండో బంకు ఊరికి దగ్గరే, కాన్వాయ్ రాకముందే వెళ్ళి కల్తీ చేసినవాణ్ణి పట్టుకుంటే మూడో కంటికి తెలియకుండా సర్దేయొచ్చు అనుకున్నాడు. సిగ్గుపడ్డ మనిషికి మొదట తట్టే ఉపాయం ఎప్పుడూ అదే.

"నువ్వెళ్ళి చక్కనమ్మను కనిపెట్టుకుని ఉండు. ఫోన్ ముట్టుకోనివ్వకు. మనకు తెలిసిందని తెలియనివ్వకు," అన్నారు పెద్దాయన.

లీటర్ షెడ్డులో మిగిలిన మూడో కొత్త కారులో హోటల్‌కు వెళ్ళి, తాళాలు పార్కింగ్ మనిషికిచ్చి, పైకి వెళ్ళి అలా షికారుకు రమ్మని అడిగాడు. ఆమె తయారై కిందికి రావడానికి బోలెడంత సమయం తీసుకుంది. లేత నీలం చీర, నల్ల కళ్ళద్దాలు, చేతిలో చిన్న పర్సు. కారు సొరంగం వైపు తిప్పితే ఎందుకని కూడా అడగలేదు.

ఊరు దాటి, గోడౌన్లు దాటి, సొరంగం ముఖద్వారం దూరంగా కనబడుతుండగా డాష్‌బోర్డ్ మీద పసుపు దీపం వెలిగింది. ఇంజిన్ ఒకసారి వణికింది. యాక్సిలరేటర్ తొక్కితే బండి ముందుకు పోవడానికి బదులు వెనక్కి లాగుతున్నట్టనిపించింది. ఇంకో దీపం వెలిగింది. లీటర్ కారును రోడ్డు వారకు తీసేలోగా అది ఆగిపోయింది.

"పార్కింగ్‌లో మావాడు ఒక్క గ్లాసు పోశాడు," అంది చక్కనమ్మ, కళ్ళద్దాలు తీస్తూ. "కొత్త బండి కదా, గ్లాసు చాలు. పాతదైతే బకెట్ పోసినా కదిలేది."

ఆమె చేతిలో లిప్‌స్టిక్ ఉంది. దాని మూతలోంచి సన్నటి గొట్టం లీటర్ పక్కటెముకల వైపు చూస్తోంది.

"కదలకండి. ఇంకాసేపట్లో సొరంగంలో పని అయిపోతుంది. రోడ్డు రిపేర్లవాళ్ళ వేషంలో మావాళ్ళు అక్కడే ఉన్నారు. మీకు నిజంగా థాంక్స్ చెప్పాలి. పద్దెనిమిది అని మీరు చెప్పబట్టి ఏ బంకో లెక్క కట్టుకోగలిగాం."

కెమిస్ట్‌ను చంపిన మనుషులు తనకు థాంక్స్ చెబుతున్నారు. అంతకన్నా హీనం ఏముంటుందనిపించింది లీటర్‌కు. అతను స్టీరింగ్ కింద బొటనవేలితో చిన్న మీట నొక్కాడు. అది విభాగం బిగించిన మీట. ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగ్ ఢామ్మని విచ్చుకుని చక్కనమ్మను సీటుకు అదిమేసింది. పేలిన తూటా పైకప్పులో దిగింది. లీటర్ ఆమె చెయ్యి మెలితిప్పి లిప్‌స్టిక్ లాగేసుకుని, సంకెళ్ళు వేసి, టై పిన్ను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"కాన్వాయ్! రెండో బంకులో నింపొద్దు. నింపొద్దు!"

ఛానెల్‌లో కరకరలాడే శబ్దం. ఆ తర్వాత బావ గొంతు. "బంకులోనే ఉన్నాం. నాజిల్ ట్యాంకులో పెట్టేశారు, మీట నొక్కడమే తరువాయి. ఏంటి సంగతి?"

పెద్దాయన మధ్యలోకి వచ్చారు. "లీటర్, పొద్దున నువ్వు చెప్పినదాని ప్రకారం ప్రమాదం మొదటి బంకులో. ఇప్పుడు రెండోది అంటున్నావు. ఎందుకు మాట మార్చావు?"

"సమాచారం అందింది సార్."

"ఎవరిచ్చారు?"

"నింపొద్దు సార్, అంతే," అన్నాడు లీటర్. విభాగంలో ఒక పద్ధతి ఉంది. చెప్పిన మాట మార్చిన ఏజెంట్ కారణం చెప్పి తీరాలి. చెప్పకపోతే అతని కణత మీద శత్రువు తుపాకీ ఉందని లెక్క, ఆ మాటను ఎవరూ ఖాతరు చెయ్యకూడదు. ఆ పద్ధతి రాసినవాళ్ళలో లీటర్ కూడా ఒకడు.

"కాన్వాయ్, లీటర్ పక్కన చక్కనమ్మ ఉంది," అన్నారు పెద్దాయన. "అతని మాట పట్టించుకోవద్దు. నింపండి."

ఆ ఛానెల్ వింటున్నవాళ్ళు ఎంతమందో లీటర్‌కు తెలుసు. డ్రైవర్లు, గార్డులు, కంట్రోల్ రూమ్, షెడ్డులో రేడియో పెట్టుకుని టీ తాగే మెకానిక్కులు. వెనక కారులో కూర్చున్న పెద్దావిడ. అందరికన్నా ముందు బావ. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అయినా పెట్టుకోవడానికి ఇక సమయం లేదు.

"ఆగండి! ఆమెకు నేను పదకొండు అని చెప్పలేదు సార్. పద్దెనిమిది అని చెప్పాను. అబద్ధం చెప్పాను. పద్దెనిమిదైతే ఆగేది రెండో బంకులోనే. పొద్దున మీ దగ్గర కూడా ఈ మాట దాచాను."

"ఎందుకు చెప్పావు?"

"గొప్ప కోసం సార్. బావ జీపు పన్నెండిస్తుంది. మాది పదకొండే అని చెప్పడానికి నామోషీ వేసింది."

ఇంత సిల్లీ కారణం తుపాకీ కణత మీద ఉన్నవాడు కల్పించలేడని పెద్దాయనకు అర్థమై ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ వెనకనుంచి చక్కనమ్మ ఒక్కటే నవ్వు.

"నాజిల్ తీసేశాం," అంది బావ గొంతు. "చుక్క పడలేదు."

సొరంగంలో కాచుకున్నవాళ్ళ సంగతి కూడా లీటర్ చెప్పేశాక మిగతా పని చకచకా జరిగిపోయింది. బంకు యూనిఫాంలో ఉన్నవాడు గోడ దూకబోతుంటే గార్డులు కాళ్ళు పట్టి లాగారు. పెద్దావిణ్ణి కొత్త కారులోంచి దింపి పాత జీపులో ఎక్కించారు. బావ సొరంగం వదిలేసి, పాత కొండదారిలో గుంతలన్నీ పలకరిస్తూ ఆవిణ్ణి కోర్టుకు చేర్చాడు. సొరంగంలో కొత్త కార్ల కోసం ఎదురుచూస్తున్న రిపేర్లవాళ్ళను పోలీసులు రెండువైపుల నుంచీ చుట్టుముట్టారు.

లీటర్ పోలీసు వ్యానులో కోర్టుకు చేరేసరికి సాక్ష్యం అయిపోయింది. గరాటు ముఠా పెద్దల పేర్లన్నీ జడ్జి ముందుకు వచ్చేశాయి. వరండాలో పెద్దాయన అతనితో రెండు ముక్కలే మాట్లాడారు. నోరు జారినందుకు కాదు, పొద్దున గదిలో నోరు మూసుకున్నందుకు విచారణ ఉంటుందన్నారు. అంతవరకు కొత్త కార్లు బావ చూసుకుంటాడన్నారు. లీటర్ జేబులోంచి తాళాలు తీసి ఇచ్చేశాడు. ఎవరూ అడగకుండానే అతను ఇచ్చినవాటిలో న్యాయమైనది అదొక్కటే.

బావ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాడు లీటర్. చేస్తే బాగుండేది, పడి ఉండేవాడు. బావ మాత్రం దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యివేసి, "అన్నం తిన్నావురా?" అని అడిగాడు. ఆ మాటకు లీటర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన గొప్ప కోసం ఇంకాసేపైతే అక్కను ఏం చేసి ఉండేవాడో అప్పటిదాకా పూర్తిగా ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించాడు. బావ మొహంలోకి చూడలేకపోయాడు.

"తింటాను బావా," అన్నాడు నేల చూస్తూ.

అప్పుడే పెద్దావిడ గార్డుల మధ్యనుంచి మెట్లు దిగుతూ అతని దగ్గర ఆగింది. తెల్ల జుట్టు, చేతుల మీద రసాయనాల మరకలు. ప్రాణం మీదికి తెచ్చినవాడు వీడే అని ఎవరో చెప్పే ఉంటారు. క్షమించమని అడగడానికి కూడా లీటర్‌కు మొహం చెల్లలేదు. చేతులు జోడించి నిలబడ్డాడు.

ఆవిడ అతన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

"జీపులో వస్తున్నంతసేపూ అదే ఆలోచిస్తున్నా బాబూ," అంది. "ఇంతకీ ఆ కొత్త బండి నిజంగా ఎంతిస్తుంది?"

"పదకొండమ్మా," అన్నాడు లీటర్, తల ఎత్తకుండా.

ఆవిడ తలూపి రెండు మెట్లు దిగింది. లీటర్ ఆపుకుందామని చాలా ప్రయత్నించాడు, పాపం.

"ఏసీ కట్టేస్తే పదకొండున్నర."